తొమ్మిదో తరగతిలోనే ఆవర్తన పట్టికను పేర్పించాలి

సంపాదకులకు,

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి ఆవర్తన పట్టిక అధ్యాయాన్ని తీసేశాక, పిల్లలు దాన్ని ఇంటర్‌లో ఎలక్ట్రాన్ విన్యాసాలతో కలిపి ఒకేసారి మింగాల్సి వస్తోంది. తొమ్మిదిలో పరమాణు నిర్మాణం, వేలన్సీ (ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యం) అవగానే రెండు రోజులు దీనికి కేటాయించాలని హెచ్ఎంలకు మనవి.

గోడ చార్టు చూపి గ్రూపుల (నిలువు వరుసల) పేర్లు వల్లె వేయిస్తే పట్టిక ఆ ఆకారంలో ఎందుకుందో తెలియదు. చేత్తో పేరిస్తే తెలుస్తుంది. పాత శుభలేఖల వెనక వైపు చాలు. నలుగురికో సెట్టు చొప్పున పేకముక్కంత 20 ముక్కలు కోసి, హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా ఒక్కోదాని మీద గుర్తు, పరమాణు ద్రవ్యరాశి, లోహమా కాదా రాయాలి. దాని కింద ఆక్సైడ్‌లో ఆ మూలకానికీ ఆక్సిజన్‌కూ పరమాణువుల నిష్పత్తి: సోడియం 2:1, మెగ్నీషియం 1:1, అల్యూమినియం 2:3, సిలికాన్ 1:2, భాస్వరం 2:5, గంధకం 1:3, క్లోరిన్ 2:7. రెండు మూడు ఆక్సైడ్లుంటే ఆక్సిజన్ ఎక్కువున్నదే రాయాలి, పెరాక్సైడ్లు లెక్కలోకి రావు. గంధకానికి 1:2 రాశారంటే అది సిలికాన్ వరుసలోకి దూరి ఆట చెడుతుంది. ఆక్సిజన్, ఫ్లోరిన్ ముక్కల మీద ఆ చోటు ఖాళీ.

హైడ్రోజన్, హీలియం, నియాన్, ఆర్గాన్‌లను పక్కన పెట్టి మిగతా 16 ముక్కల్నీ బరువు క్రమంలో ఒకే బారుగా పేర్చమనండి. 2:1 మళ్లీ కనబడ్డ చోటల్లా తెంపి కిందికి దించితే లిథియం, సోడియం, పొటాషియం ఒకదాని కింద ఒకటి వస్తాయి. అప్పుడు సోడియం ముక్క దాచి బరువెంతో అడగండి. 6.9కి 39.1 కలిపి సగం చేస్తే 23. అల్యూమినియం కింది ఖాళీ గడికి పట్టిక రూపకర్త మెండలీవ్ కూడా ఇరుగుపొరుగును చూసే 1871లో ద్రవ్యరాశి 68, సాంద్రత 5.9 అని చెప్పారు. 1875లో గాలియం దొరికింది. దాన్ని కనుక్కున్న బ్వాబోద్రాన్ సాంద్రత 4.7 అంటే, శుద్ధి చేసి మళ్లీ కొలవమన్నారు మెండలీవ్. ఈసారి 5.9 వచ్చింది!

రెండో రోజు మిగిలిన ముక్కలు. హీలియం, నియాన్ ఇబ్బంది పెట్టవు. (హీలియం జాడ చిక్కిన 1868 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ చూసింది మన గుంటూరు నుంచే.) చిక్కంతా ఆర్గాన్‌తో. దాని బరువు 39.9 కాబట్టి పొటాషియానికీ, 40.1 ఉన్న కాల్షియానికీ మధ్య, రెండు లోహాల నడుమ వాయువై కూర్చుంటుంది. దశాంశాలు వదిలేస్తే ఆర్గాన్, పొటాషియం రెండూ 39 అయి అసలు తగువే రాదు, అందుకే వాటిని తప్పక రాయించాలి. వాదన ముదిరాక ముక్కల వెనక పరమాణు సంఖ్యలు (ప్రోటాన్ల లెక్క) వేయించండి, ఆర్గాన్ పొటాషియం కన్నా ముందుకొస్తుంది. 1913లో భౌతిక శాస్త్రవేత్త మోస్లీ ఎక్స్‌రేలతో తేల్చిన క్రమం అదే. హైడ్రోజన్ చోటు మీద వాదన చివరికీ తెగదు, తెగనక్కర్లేదు.

ఇంటిపనికి ఎరువు బస్తా చాలు, మన డెల్టాలో దానికి కొదవ లేదు. డీఏపీ మీది 18-46లో 46 భాస్వరం శాతం కాదు, 2:5 ఆక్సైడ్‌గా కట్టిన లెక్క. 50 కిలోల బస్తాకు ఆ లెక్కన 23 కిలోలు. ఆక్సైడ్ 142లో భాస్వరం వంతు 62 గనక అసలు భాస్వరం సుమారు 10 కిలోలే. పొటాష్ బస్తా మీది 60 కూడా 2:1 ఆక్సైడ్ లెక్కే, లోపలున్నది మాత్రం పొటాషియం క్లోరైడ్. రొయ్యల చెరువులకు పొటాష్ చల్లే ఊళ్లలో ఇంకో ప్రశ్న అడగొచ్చు: ఒకే గ్రూపు కదా, దాని బదులు ఉప్పు వేస్తే పోదా? పోదు. గ్రూపు ఒకటైతే వేలన్సీ ఒకటే గానీ అయాన్ల పరిమాణం వేరు, రొయ్య కణాలు ఆ తేడా పట్టేస్తాయి.

గోడ చార్టు 112తో ఆగిపోయిందని పారేయకండి. 114, 116లకు 2012లో, 113, 115, 117, 118లకు 2016లో పేర్లు వచ్చాయి. ఆరు చీటీలు అంటిస్తే సరిపోతుంది.

— ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయులు కొందరు,
కోనసీమ