పేరుకే అరుదైన లోహాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

రేర్ ఎర్త్స్ అనగానే ఎక్కడా దొరకనివి అనుకుంటాం గానీ ఆ 17 మూలకాల్లో సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి ఉన్నంత ఉంది, అసలు తిప్పలంతా వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడంలోనే, అన్నీ ఒకేలా ప్రవర్తిస్తాయి కాబట్టి యాసిడ్లు, సాల్వెంట్లతో ఎన్నో దశలు దాటించాలి, చాలాచోట్ల ఆ వ్యర్థాల్లో రేడియోధార్మిక లోహమైన థోరియం కూడా మిగులుతుంది.

మొన్న పాడైన హార్డ్ డిస్క్ విప్పితే ఆ 17లో ఒకటైన నియోడిమియంతో చేసిన బొటనవేలంత మాగ్నెట్ స్క్రూడ్రైవర్‌కి అతుక్కుని ఎంత లాగినా రాలేదండీ! చాలా ఈవీ మోటార్లలోనూ ఇదే, వేడికి బలం పోకుండా డిస్ప్రోసియం అనే ఇంకో రేర్ ఎర్త్ కలుపుతారు. ఇంత కష్టపడి తీసినదాన్ని చెత్తలో పారేస్తుంటే బాధేస్తుంది. మాగ్నెట్లని జిగురుతో అతికించెయ్యకుండా, ఈజీగా ఊడదీసేలా కంపెనీలు డిజైన్ చెయ్యాలని మీ పేపర్ గట్టిగా రాయాలి.

- ఒక పాఠకుడు