స్టాక్ స్టడ్స్ చాలని చెప్పి అమ్మిన 10 మిల్లీమీటర్ల స్పేసర్లపై ఫిర్యాదు

భీమవరం

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం. నా దగ్గర 2018 మోడల్ స్విఫ్ట్ ఉంది. వెనక సీటు తీసేసి, బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు మార్చి, మూడేళ్లుగా దాన్ని రేసింగ్ ట్రాక్ కోసం తయారు చేసుకుంటున్నాను. మా గోదావరి జిల్లాల్లో ట్రాక్ లేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌కి వెళ్లాలంటే ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. ఏడాదికి రెండుసార్లు కుదిరితే ఎక్కువ. అందుకే ఏ సామానైనా పదిసార్లు ఆలోచించి కొంటాను. మీ దగ్గరా అలాగే కొన్నాను.

గత నెల మీ వెబ్‌సైట్‌లో నాలుగు అల్లాయ్ వీల్స్ ఆర్డర్ పెట్టాను. 15 అంగుళాల రిమ్, 7 అంగుళాల వెడల్పు. వాటికి 195/50 టైర్లు వేయాలని ముందే అనుకున్నాను. ఆ సాయంత్రమే మీ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఇంత వెడల్పు వీల్ వేస్తే టైరు లోపలివైపు స్ట్రట్‌కి, అంటే షాక్ అబ్జార్బర్ గొట్టానికి, తగులుతుందండి, 10 మిల్లీమీటర్ల స్పేసర్లు తప్పనిసరి" అన్నారు. స్పేసరంటే చక్రానికీ, చక్రం బిగించే హబ్‌కీ మధ్య పెట్టే లోహపు బిళ్ల. మీకు తెలిసినంత నాకు తెలియదు కదా అని అవీ తీసుకున్నాను. ఆ స్పేసర్ల పేజీలో "స్విఫ్ట్ హబ్‌కి కచ్చితంగా కూర్చుంటాయి, స్టాక్ స్టడ్స్ మార్చనక్కర్లేదు" అని రాసి ఉంది. స్టాక్ స్టడ్స్ అంటే కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన, చక్రం నట్లు ఎక్కే బోల్టులే. ఆ పేజీ ఫొటో జతచేస్తున్నాను.

వీల్స్ గురించి నాకే ఫిర్యాదూ లేదు. బాగున్నాయి, బ్యాలెన్సింగ్ కూడా చక్కగా వచ్చింది. బాధంతా స్పేసర్లతోనే.

స్విఫ్ట్ హబ్ మధ్యలో పొడుచుకొచ్చి ఉండే అంచు వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. మీరు పంపిన స్పేసర్ల మధ్య రంధ్రం వెర్నియర్ పెట్టి కొలిస్తే నాలుగింటికీ 56.1 వచ్చింది. అది హోండా సిటీ, జాజ్ లాంటి కార్ల హబ్ కొలత. వాటికీ స్విఫ్ట్‌కీ నాలుగు నట్లే, పీసీడీ (నట్ల రంధ్రాల మధ్యల మీదుగా గీసే వలయం వ్యాసం) కూడా 100 మిల్లీమీటర్లే. అందువల్ల పైకి చూస్తే అమరినట్టే ఉంటుంది. చేత్తో పట్టుకుని కదిపితే మాత్రం స్పేసర్ హబ్ మీద వదులుగా ఆడుతోంది. ఇక చక్రాన్ని నడిమధ్యన నిలిపే పనంతా నట్ల మీదే పడుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఇది కాదు, నట్లు. స్విఫ్ట్ స్టడ్ మందం 12 మిల్లీమీటర్లు, మర 1.25, అంటే ఒక్కో చుట్టుకి నట్టు 1.25 మిల్లీమీటర్లు లోపలికి ఎక్కుతుంది. స్టడ్ ఎంత మందం ఉందో కనీసం అంత లోతు నట్టు ఎక్కాలి. అంటే తొమ్మిది, పది చుట్లు. స్పేసర్ లేకుండా చేత్తో తిప్పి లెక్కపెడితే పద్నాలుగు చుట్లు ఎక్కింది. స్పేసర్ పెట్టాక ఆరే. 10 మిల్లీమీటర్లు పోతే ఎనిమిది చుట్లు పోవాలి కాబట్టి నా లెక్కలో తప్పు లేదు. పానా కింద పెట్టి, అప్పటికప్పుడు మీ సపోర్ట్ నంబర్‌కి ఫోన్ చేశాను. "ఆరు చుట్లు చాలండి, అందరూ అలాగే వేస్తున్నారు, టెన్షన్ పడకండి" అన్నారు. ఆ మాట నమ్మి టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాను.

ఆదివారం సాయంత్రం కారు ఎలా ఉందో చూద్దామని పాలకొల్లు వైపు బయలుదేరాం. పక్క సీట్లో మా బావమరిది ఉన్నాడు. వీరవాసరం దాటాక 70 స్పీడులో స్టీరింగ్ వణకడం మొదలైంది. గతుకుల వల్లేమో అనుకున్నాను. ఇంకాస్త ముందుకెళ్లాక ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు. ఆపి దిగి చూస్తే ఒక నట్టు లేదు. ఇంకో రెండు నట్లు వేళ్లతో తిప్పితేనే తిరుగుతున్నాయి. నాలుగోది ఊడదీస్తే దాని లోపలి మర సన్నని తీగలా, స్ప్రింగులా చుట్టుకుని నా అరచేతిలో పడింది. మేం ఆగినచోట రోడ్డుకి ఎడమపక్కన నిండుగా పారుతున్న కాలువ ఉంది, అడ్డుగోడ లేదు. కార్లు కాలువలో పడ్డ వార్తలు చదువుతూ పెరిగినవాళ్లం మేం. మా బావమరిది ఆ నట్టు వైపు, కాలువ వైపు చూసి ఏమీ మాట్లాడలేదు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు.

మా మెకానిక్ బాబాయ్ బండి మీద వచ్చారు. జాకీ ఎక్కించి, స్పేసర్ తీసేసి, అదే వీల్‌ని నేరుగా హబ్‌కి పెట్టి చూశారు. టైరుకీ స్ట్రట్‌కీ మధ్య ఆయన చూపుడు వేలు సులువుగా దూరింది. "దీనికి స్పేసరెందుకేశావు బాబూ?" అని అడిగారు. మీరు తప్పనిసరి అన్నారు కాబట్టి వేశాను. ఎందుకు తప్పనిసరో ఆయనకి మీరే చెప్పాలి.

మర్నాడు మీకు మెయిల్ పెడితే "ట్రాక్ వాడకానికి వారంటీ వర్తించదు" అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. కారు ట్రాక్ దాకా వెళ్లనే లేదు. ఈ స్పేసర్లు పాతిక కిలోమీటర్లైనా తిరగలేదు. పైగా మీరు వీటిని అమ్ముతున్నదే ట్రాక్ కార్ల విభాగంలో. 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే పొడవాటి స్టడ్స్ కూడా వేయాలని మీకు తెలియదని నేను అనుకోను. ఎందుకంటే వాటినీ మీరే ఇంకో పేజీలో అమ్ముతున్నారు. ఆ మాట స్పేసర్ల పేజీలో ఒక్క ముక్క రాసి ఉంటే వాటినీ కొనేవాణ్ణి. లేదంటే అసలు స్పేసర్లే వద్దనుకునేవాణ్ణి.

స్పేసర్లకి ఇచ్చిన 4,800 రూపాయలు, ముందు రెండు హబ్‌లకి కొత్త స్టడ్స్, నట్లు, కూలీ కలిపి అయిన 3,650 రూపాయలు నాకు తిరిగి ఇవ్వండి. బిల్లులు జతచేశాను. కారు షెడ్డులో ఉండిపోవడంతో ఈ నెల ట్రాక్ డే ఎంట్రీ ఫీజు కూడా పోయింది. అది నేనే భరిస్తాను, అడగను. కానీ ఆ పేజీలో "స్టాక్ స్టడ్స్ మార్చనక్కర్లేదు" అన్న వాక్యాన్ని ఈ రోజే తీసేయండి. ఇప్పటికే స్విఫ్ట్‌కని ఈ స్పేసర్లు కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి, కారు బయటికి తీయొద్దని చెప్పండి. డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా ఆగుతాను, దీనికి మాత్రం ఆగను.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే వేయొచ్చు.

నాలుగు స్పేసర్లూ, మర ఊడిన నట్టూ కవర్లో పెట్టి ఉంచాను. మీ మనిషిని ఎవరినైనా భీమవరం పంపండి. వెర్నియర్ వాళ్ల చేతికే ఇస్తాను, వాళ్లే కొలుచుకోవచ్చు.

ఇట్లు,
మీ కస్టమర్