ఆటల కోసం లాప్‌టాప్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్: మెట్లకు ముందు చెప్పవలసినవి

సంపాదకులకు నమస్కారం.

ఆటలు ఆడుకునేందుకు లాప్‌టాప్‌లో విండోస్‌ను ఉంచుకుంటూనే దాని పక్కన లినక్స్ వేసుకునే విధానంపై మీ సాంకేతిక పుటలో వచ్చిన వ్యాసం చదివాను. పెన్‌డ్రైవ్ సిద్ధం చేయడం, డిస్కులో చోటు ఖాళీ చేయడం, ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులివ్వడం వరకు అందులో చెప్పినదంతా సరైనదే. అయితే ఈ పని పెట్టుకుని ఇబ్బంది పడేవారు సాధారణంగా ఆ మెట్ల దగ్గర పడరు. ఇప్పటి ఇన్‌స్టాలర్లు ఆ భాగాన్ని దాదాపు వాటంతటవే నడిపించేస్తాయి. చిక్కంతా ఒకే యంత్రాన్ని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పంచుకోవలసిన చోట్లనే పుడుతుంది. డిస్కు తాళం, సెక్యూర్ బూట్ (గుర్తింపు సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రాన్ని మొదలవనిచ్చే రక్షణ), బూట్ పార్టిషన్ (యంత్రం మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే డిస్కు భాగం), ఆటల ఫోల్డరు, ఆఖరికి గడియారం కూడా ఆ కోవలోవే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు; ఇక్కడ ఇముడుతాయి గానీ, ఒర కొలతలు ముందే చూసుకోవాలి. వ్యాసంలో ఆ కొలతల ప్రస్తావన లేనందువల్లే ఈ లేఖ రాస్తున్నాను.

లినక్స్‌లో ఆటలు నడవవన్న పాత అభిప్రాయానికి ఇప్పుడు ఆధారం లేదన్న మీ వ్యాసకర్త మాటతో నేను ఏకీభవిస్తాను. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌పై నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ 1993లోనే మొదలైంది. స్టీమ్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ దాన్నే ఆధారం చేసుకుని 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను విడుదల చేసింది. తెరపై బొమ్మ గీయడానికి విండోస్ ఆటలు డైరెక్ట్‌ఎక్స్ ద్వారా ఇచ్చే ఆదేశాలను, 2016లో వచ్చిన వల్కన్ అనే ప్రమాణంలోకి అప్పటికప్పుడు మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందించడం ఇందులోని కీలకమైన పని. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం ఈ ఏర్పాటును నమ్ముకునే లినక్స్‌తో మార్కెట్లోకి దిగింది. ఒంటరిగా ఆడుకునే కథాప్రధానమైన ఆటల్లో అధిక భాగం ఇప్పుడు ఆడేవారు పెద్దగా ఏమీ సర్దుకోకుండానే నడుస్తాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగియడం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్నటువంటి షరతుల వల్ల కొన్ని పాత లాప్‌టాప్‌లు విండోస్ 11కు అర్హత పొందలేకపోవడం కూడా చాలామందిని ఇటువైపు చూసేలా చేస్తున్నాయి.

అయితే ఆన్‌లైన్‌లో ఇతరులతో పోటీపడే ఆటల సంగతి వేరు. వాటిలో మోసాన్ని పట్టుకునే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఈజీ యాంటీ చీట్, బాటిల్‌ఐ అనే రెండు ప్రధానమైన వ్యవస్థలు 2021లో ప్రోటాన్‌కు వీలు కల్పించాయి. కానీ ఆ వీలును వాడుకోవాలా వద్దా అన్నది ప్రతి ఆట తయారీదారు ఇష్టం. ఈజీ యాంటీ చీట్ ఎపిక్ సంస్థ చేతిలోనే ఉన్నా, ఆ సంస్థ తన సొంత ఆట ఫోర్ట్‌నైట్‌కు దాన్ని తెరవలేదు. వాలొరెంట్‌కు కావలసిన వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ విండోస్ కర్నెల్ (సిస్టమ్ మూల భాగం) స్థాయిలో పనిచేసేది కాబట్టి ఆ ఆట లినక్స్‌లో నడవదు. ఎపెక్స్ లెజెండ్స్ కొంతకాలం నడిచింది, 2024లో తయారీదారులే లినక్స్ నుంచి ప్రవేశాన్ని మూసేశారు. ఈరోజు నడుస్తున్న ఆన్‌లైన్ ఆట రేపు కూడా నడుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరన్నమాట. వాడకందారుల అనుభవాలను ఆటలవారీగా నమోదు చేసే ప్రోటాన్‌డీబీ వంటి చోట తన ఆటల పేర్లు వెతికి చూసుకోకుండా ఎవరూ డిస్కును విడగొట్టకూడదని నా అభిప్రాయం. ఆడేవన్నీ పోటీ ఆటలే అయినవారు ఈ ప్రయత్నం మానుకోవడమే మంచిది.

ఇక డిస్కు తాళం విషయం. ఇప్పటి విండోస్ లాప్‌టాప్‌లు చాలావాటిలో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో డిస్కు మొత్తం సంకేతాల్లోకి మారి ఉంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 విడుదలతో ఇది ఇంకా ఎక్కువ యంత్రాల్లో దానంతటదే మొదలవుతోంది. యజమాని అడిగిందీ లేదు, చాలాసార్లు గమనించిందీ లేదు. తాళం తీసే రహస్యాన్ని టీపీఎం చిప్ దాచి ఉంచుతుంది. యంత్రం మొదలయ్యే తీరు తనకు తెలిసిన విధంగానే ఉందని రూఢి అయితేనే అది ఆ రహస్యాన్ని విండోస్‌కు అందిస్తుంది. లినక్స్ కోసమని సెక్యూర్ బూట్‌ను ఆపేసినా, బూట్ వరసను మార్చినా, చిప్‌కు అనుమానం రావచ్చు. అప్పుడు నీలి తెరపై 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవారికి ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. అయితే దాన్ని చూడటానికి అప్పటికి పనిచేస్తున్న మరో ఫోనో కంప్యూటరో, ఖాతా పాస్‌వర్డూ కావాలి. ఆ రెండింటిలో ఏది లేకపోయినా విండోస్ భాగంలో ఉన్న ఫోటోలు, పత్రాలు, ఆటల సేవ్‌లు చేతికి రాకుండా పోతాయి. ఇన్‌స్టాలర్‌లో ఏ పొరపాటూ జరగకపోయినా ఇది జరగవచ్చు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పని మొదలుపెట్టేముందు ఆ కీని కాగితంపై రాసుకోవడం, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి ఉంచడం, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి బ్యాకప్ తీసుకోవడం తప్పనిసరి. కొన్ని యంత్రాల్లో లినక్స్ బూట్ మెనూ అయిన గ్రబ్ ద్వారా విండోస్‌లోకి వెళితే ప్రతిసారీ ఇదే కీ అడుగుతుంది. అలాంటప్పుడు లాప్‌టాప్ సొంత బూట్ మెనూ నుంచి నేరుగా విండోస్‌ను ఎంచుకుంటే ఆ బెడద తప్పుతుంది.

సెక్యూర్ బూట్‌ను ఆపేయమని వ్యాసంలో ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు. ఈ సలహా ఒకప్పుడు అవసరమయ్యేది. ఇప్పుడు ఉబుంటు, ఫెడోరా వంటి ప్రధాన లినక్స్ పంపిణీలు (లినక్స్ దొరికే వేర్వేరు రూపాలు) సెక్యూర్ బూట్ ఉండగానే మొదలవుతాయి కాబట్టి మొట్టమొదటి అడుగుగా దాన్ని తీసేయవలసిన పని లేదు. పైగా ఆటలాడేవారికి దీనితో నష్టం కూడా ఉంది. విండోస్ 11లో వాలొరెంట్, 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ ఉంటేనే నడుస్తాయి. అంటే లినక్స్‌లో నడవని ఆట కోసమే విండోస్‌ను ఉంచుకున్న మనిషికి, లినక్స్ కోసం చేసిన మార్పు వల్ల అదే ఆట విండోస్‌లోనూ నిలిచిపోతుంది. మరోవైపు సెక్యూర్ బూట్ ఉంచితే అంతా సాఫీగా సాగుతుందనీ చెప్పలేం. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్, పాత బూట్‌లోడర్లలోని (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాముల్లోని) లోపాలను అడ్డుకునే క్రమంలో, రెండు సిస్టమ్‌లున్న కొన్ని యంత్రాల్లో లినక్స్‌ను మొదలవకుండా చేసింది. రెండు సిస్టమ్‌లున్న యంత్రాలకు అది వర్తించకూడదని మైక్రోసాఫ్ట్ ఉద్దేశించినా, అన్నిటినీ గుర్తుపట్టలేకపోయింది. పూర్తి పరిష్కారం 2025 మే నెల అప్‌డేట్‌తో గానీ రాలేదు. రెండింటినీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ, ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను చెరిపేయకుండా పక్కన పెట్టుకోవడం ఇలాంటి సమయాల్లో పనికొస్తుంది.

చోటు సంగతి కొంత క్లుప్తంగా చెబుతాను. డిస్కులో భాగాన్ని తగ్గించడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయాలి. సగం డిస్కు ఖాళీగా కనిపిస్తున్నా కదల్చలేని ఫైళ్లు మధ్యలో ఉండి అది కొంచెమే తగ్గించనిస్తే, హైబర్నేషన్‌నూ పేజ్ ఫైలునూ తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించాలి. లినక్స్‌కు 25 జీబీ చాలన్నది మామూలు పనులకు సరిపోయే లెక్క. ఒక్కొక్కటే 100 జీబీ దాటే ఆటలున్న కాలంలో ఆటగాడికి అది ఏ మూలకూ రాదు. విండోస్ సాధారణంగా 100 ఎంబీతో సృష్టించే ఈఎఫ్ఐ పార్టిషన్, అంటే పైన చెప్పిన బూట్ పార్టిషన్, గ్రబ్‌కు సరిపోతుంది గానీ, పాప్ ఓఎస్ వంటి కొన్ని పంపిణీలు కర్నెల్‌ను కూడా అందులోనే పెడతాయి కనుక వాటికి చాలదు. ఇంటెల్ ప్రాసెసరున్న కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కుల అనుసంధానానికి చెందిన వీఎండీ అనే అమరిక వల్ల ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీయే కనిపించకపోవచ్చు. దాన్ని చూసి బయోస్‌లో (యంత్రపు మూల అమరికలుండే చోట) ఆ అమరికను హడావుడిగా మార్చేస్తే ఈసారి విండోస్ మొదలవదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో మొదలయ్యేలా పెట్టి, ఆ తర్వాతే మార్చాలి. లాప్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీకి చోటుంటే వీటిలో చాలా బాధలు ఉండవు. నన్నడిగితే, ఆ చోటున్నవారు ఉన్న డిస్కును విడగొట్టే ఆలోచనే పెట్టుకోకూడదు.

ఆటలను ఒకే ఫోల్డరులో ఉంచి రెండు వైపుల నుంచీ వాడుకోవచ్చని వ్యాసంలో ఉంది. వినడానికి బాగున్నా, దీన్ని నేను సమర్థించలేను. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్ డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా ఆగిపోదు. కర్నెల్ స్థితిని డిస్కులో దాచిపెట్టుకుంటుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) భాగాన్ని లినక్స్ సాధారణంగా చదవడానికి మాత్రమే తెరుస్తుంది. బలవంతంగా రాయిస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేస్తే ఈ ఒక్కటీ తీరుతుంది. కానీ ప్రోటాన్ తన పని కోసం సృష్టించుకునే లింకుల్లో విండోస్ అనుమతించని అక్షరాలున్న పేర్లు ఉంటాయి, వాటివల్ల ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో లోపాలు తలెత్తవచ్చు. లినక్స్‌లో ఆడే ఆటలను ఈఎక్స్‌టీ4 వంటి లినక్స్ ఫైల్ సిస్టమ్‌లోనే ఉంచడం, విండోస్ ఆటలను విండోస్‌లోనే ఉంచడం మేలు. క్లౌడ్ సేవ్ సౌకర్యమున్న ఆటల్లో ఆడిన దశ రెండు వైపులా అందుతుంది, సౌకర్యం లేనివాటిలో సేవ్ ఫైలును మనమే కాపీ చేసుకోవాలి.

గ్రాఫిక్స్ గురించి లాప్‌టాప్‌వారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఆటల లాప్‌టాప్‌లో మామూలుగా ప్రాసెసరులోనే ఉండేది ఒకటి, విడిగా ఉండేది మరొకటి, మొత్తం రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. ఆట బలహీనమైనదానిపై నడుస్తుంటే లినక్స్‌నే తప్పుపట్టి తీసేసేవారు ఉన్నారు. ఏఎండీ చిప్‌లకు డ్రైవర్ కర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి పెద్దగా చేయవలసింది ఉండదు. ఎన్‌విడియా చిప్‌లకు ఆ సంస్థ డ్రైవర్‌ను విడిగా వేసుకోవాలి. సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు ఈ డ్రైవర్ సంతకాన్ని యంత్రం గుర్తించేందుకు, ఇన్‌స్టాలేషన్‌లో ఒక పాస్‌వర్డ్ పెట్టించుకుని, తిరిగి మొదలైనప్పుడు నీలి తెరపై ఎన్‌రోల్ ఎంఓకే అన్న అవకాశం చూపుతుంది. కంటిన్యూ బూట్ నొక్కి దాన్ని దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు. కొన్ని డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో ఎన్‌విడియా వేగం విండోస్‌తో పోలిస్తే లినక్స్‌లో తగ్గడం కూడా ఉంది. ఇవి కాక ఫ్యాన్ల అదుపు, కీబోర్డు దీపాలు, మూత మూసి తెరిచినప్పుడు నిద్రలేవడం వంటివి తయారీదారు సాఫ్ట్‌వేర్ లేకుండా సరిగా పనిచేయకపోవచ్చు. వీటిలో చాలావాటిని ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి పరీక్షించవచ్చు. వ్యాసం ఈ అవకాశాన్ని ప్రస్తావించనేలేదు.

చిన్న విషయాలు రెండున్నాయి. విండోస్ యంత్ర గడియారాన్ని స్థానిక సమయంగా చూస్తుంది, లినక్స్ ప్రపంచ సమయంగా చూస్తుంది. అందుకే ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు గడియారం తప్పుతుంది, దానివల్ల ఒక్కోసారి ఆన్‌లైన్ లాగిన్‌లు విఫలమవుతాయి. లినక్స్‌లో ఒక్క ఆదేశంతో ఇది సర్దుకుంటుంది. అలాగే గ్రబ్ 2021 విడుదల నుంచి ఇతర సిస్టమ్‌లను వెతకడం తనంతట తాను చేయడం మానేసింది. మెనూలో విండోస్ పేరు కనబడనంత మాత్రాన అది చెరిగిపోయిందని అనుకోనక్కర్లేదు.

నచ్చకపోతే తిరిగి తీసేసే పద్ధతి మాటేమిటి? దానిపై వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. లినక్స్ భాగాన్ని నేరుగా చెరిపేస్తే గ్రబ్ తన ఫైళ్లు దొరక్క నల్లటి తెర దగ్గర ఆగిపోతుంది. ముందుగా బయోస్ బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, విండోస్ సక్రమంగా మొదలవుతోందని చూసుకుని, ఆ తర్వాతే లినక్స్ పార్టిషన్లను తొలగించాలి. ఈఎఫ్ఐ పార్టిషన్ జోలికి మాత్రం పోకూడదు, విండోస్ మొదలయ్యేదీ అక్కడినుంచే. మీ వ్యాసకర్త ఈ అంశంపై మరో భాగం రాసే ఉద్దేశంలో ఉంటే, రికవరీ కీ సంగతిని మొదటి మెట్టుగా, ఈ తొలగింపు పద్ధతిని చివరి మెట్టుగా చేర్చి, తెరపై కనిపించే పేర్లను ఉన్నవి ఉన్నట్టుగానే తెలుగు లిపిలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు