ఆర్డ్‌నెన్స్ వేరు, ఆర్డినెన్స్ వేరు

సంపాదకులకు,

ఇంగ్లిష్ మాటలను తెలుగు లిపిలో రాసేటప్పుడు పత్రికల్లో ఒక తప్పు పదేపదే దొర్లుతోంది. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మాటల్లో ఒకదాని చోట ఇంకోటి పడుతోంది. తెలుగులోకి వచ్చేసరికి ఈ జంటల మధ్య మిగిలేది ఒక గుణింతం తేడాయే. అచ్చుకు వెళ్లే హడావుడిలో అదీ పోతోంది.

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉన్నది ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. ఆర్డ్‌నెన్స్ అంటే ఆయుధాలు, సైనిక సామగ్రి. ఆర్డినెన్స్ అంటే చట్టసభ సమావేశంలో లేనప్పుడు రాష్ట్రపతి 123వ అధికరణ కింద, గవర్నర్ 213వ అధికరణ కింద జారీ చేసేది. సభ మళ్లీ కూడాక ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే దాని గడువు తీరినట్టే. ఈ రెండూ ఒకే వార్తలో ఎదురుపడిన సందర్భం కూడా ఉంది. 2021లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల కార్మికులు ఫ్యాక్టరీలను కంపెనీలుగా మార్చే కార్పొరేటీకరణకు వ్యతిరేకంగా సమ్మెకు సిద్ధమైతే, కేంద్రం జూన్ 30న సమ్మెలను నిషేధించే అధికారం ఇచ్చే ఆర్డినెన్స్ తెచ్చింది. అక్కడ రెండింటినీ ఒకేలా రాస్తే ఎవరు దేన్ని వ్యతిరేకిస్తున్నారో పాఠకుడికి అంతుపట్టదు.

కౌన్సిల్, కౌన్సెల్ సంగతీ అంతే. కౌన్సిల్ అంటే మండలి. కౌన్సెల్ అంటే కోర్టులో వాదించే న్యాయవాది, లేదా సలహా. 'మున్సిపాలిటీకి కొత్త స్టాండింగ్ కౌన్సిల్' అని శీర్షిక పెడితే, పురపాలక సంఘానికి కొత్త పాలకవర్గం వచ్చిందేమో అనుకుంటాం. నిజానికి వచ్చింది ఒక వకీలు. వార్డు నుంచి గెలిచినవారు కౌన్సిలర్, మానసిక సమస్యలకు దారి చూపేవారు కౌన్సెలర్. ఇక ఈఏపీసెట్ సీట్ల దగ్గర చిక్కు మరీ ఎక్కువ. ఉన్నత విద్యామండలి ఒక కౌన్సిల్, విద్యార్థులు హాజరయ్యేది కౌన్సెలింగ్. 'కౌన్సిలింగ్' అనే మాటే లేదు, కానీ ఏటా అదే అచ్చవుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆరోగ్యం పేజీ ఒక ఎత్తు. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే అది హైపోగ్లైసీమియా. చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. మనిషి స్పృహలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ సలహా మీద 'హైపర్' అని పడిందనుకోండి, అసలే చక్కెర ఎక్కువున్న మనిషికి ఇంకాస్త పోస్తారు.

థైరాయిడ్ దగ్గర ఇంకో మెలిక ఉంది. హైపోథైరాయిడ్‌లో సాధారణంగా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్) అంకె పెరుగుతుంది. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే దాన్ని పని చేయించడానికి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మరింత టీఎస్‌హెచ్ విడుదల చేస్తుంది కాబట్టి. రిపోర్టులో అంకె ఎక్కువ కనబడగానే 'హైపర్' అని రాసేవారు, చదివేవారు ఇద్దరూ ఉన్నారు. హైపోకు హార్మోన్ మాత్ర ఇస్తారు, హైపర్‌కు హార్మోన్ తయారీని తగ్గించే మందు. రెండూ పూర్తిగా ఎదురు. అయినా హైపర్‌టెన్షన్, హైపోటెన్షన్ అని ఎవరంటున్నారు? హైబీపీ, లో బీపీ అని జనం ఎప్పుడో తేల్చేశారు. 'షుగర్ పడిపోవడం', 'షుగర్ పెరగడం' అని శీర్షికలో పెట్టి, వైద్య పదం లోపల ఒక్కసారి రాస్తే సరిపోతుంది.

సినిమా సెన్సార్‌ను, కారు వెనక ఉండే సెన్సర్‌ను ఒకేలా రాస్తున్నా పెద్ద నష్టం లేదు, సందర్భమే చెబుతుంది. సెన్సార్ బోర్డు 1983లోనే సర్టిఫికేషన్ బోర్డు అయినా ఆ మాటను జనం వదల్లేదు, మీరూ వదలక్కర్లేదు.

డెస్క్‌లో చేయాల్సింది చిన్న పని. ఆర్డ్‌నెన్స్, కౌన్సెల్, హైపో జంటలను ఒక కాగితం మీద రాసి ప్రూఫ్ చూసేవారి ఎదుట అతికించండి. వైద్య కథనాల్లో ఈ మాటలు వచ్చిన ప్రతి చోటా రాసిన డాక్టర్‌కు ఫోన్ చేసి సరిచూడండి. తప్పు పడితే మర్నాటి సవరణతో ఆపకుండా వెబ్ ఎడిషన్‌లోనూ దిద్దండి. కాగితం మర్నాటికి పాతబడుతుంది గానీ, వెబ్‌లోని తప్పును రోగి బంధువు ఆర్నెల్ల తర్వాత కూడా వెతికి చదువుతాడు.

– ఒక ఆంగ్ల అధ్యాపకుడు, హనుమకొండ