నూట ఎనిమిదా, నూట పదకొండా?

టోక్యో,
డిసెంబరు 10.

తల్లీ,

హాస్టల్లో చలికి వణికిపోతున్నానని అమ్మతో అన్నావట. హైదరాబాద్ చలిని చలి అంటున్నావంటే ఇక్కడి డిసెంబరు నువ్వు మర్చిపోయినట్టే.

ఒక పని మీద రాస్తున్నాను. 31న మీ ఫ్రెండ్స్ పార్టీ సంగతి నాకు తెలుసు. వీలైతే ఈసారికి అది మానేసి ముందు రోజే గుంటూరు బస్సెక్కు. 31 రాత్రి నువ్వు నాయనమ్మ పక్కన ఉండాలి.

నీకు ఏడేళ్లప్పుడు నాయనమ్మ ఇక్కడికి వచ్చింది, గుర్తుందా? నిషికసాయ్ ఇంట్లో ఉండేవాళ్లం. ఆవిడ మొదటి పేచీ, "ఉగాది కాకుండా ఇదేం కొత్త సంవత్సరం?" అని. జపానువాళ్లూ ఒకప్పుడు చంద్రుణ్ణి చూసే లెక్కపెట్టేవాళ్లు, 1873 నుంచే జనవరి ఒకటికి మారారు అని చెప్పాను. "మారకుండా ఉండాల్సింది" అంది.

రెండో పేచీ సోబా నూడుల్స్ దగ్గర. ఏడాది ఆఖరి రాత్రి అవి తినాలి, ఇట్టే తెగిపోతాయి కాబట్టి పోయిన ఏడాది కష్టాలూ అలాగే తెగిపోతాయని ఇక్కడివాళ్ల నమ్మకం. కానీ ఆ పులుసు ఎండుచేప తురుముతో కాస్తారు కదా! నాయనమ్మ గిన్నె దూరంగా జరిపేసి, లేచి వెళ్లి మిరియాల చారు పెట్టింది. సోబా అందులో వేసుకు తిన్నాం. అప్పటినుంచీ మనింట్లో అదే పద్ధతి. ఏ జపాను ఇంట్లోనైనా చెబితే నవ్వుతారు, నవ్వనీ.

తర్వాత గుడికి. ఏడాది ఆఖరి రాత్రి ఇక్కడి బౌద్ధ గుళ్లలో గంట నూట ఎనిమిది సార్లు కొడతారు కదా. పదకొండింటికే వెళ్లి నంబరు చీటీలు తీసుకుని క్యూలో నిలబడ్డాం. అమజాకే అని వేడివేడి తియ్యటి బియ్యం పానీయం ఇస్తే అది సారా కాదని అమ్మ మూడుసార్లు చెప్పాకగానీ తాగలేదావిడ. గంట దగ్గరికి వచ్చాక లోపలికి వంగి చూసి, "దీనికి నాలుక లేదేమిట్రా" అంది. బయట వేలాడే దుంగను తాడుతో వెనక్కి లాగి వదిలితే మోగుతుందని చూపించాను. ఆవిడకు బలం చాలక నువ్వూ అదే తాడు పట్టుకున్నావు. ఆ మోత ఆగేదాకా ఇద్దరూ తాడు వదల్లేదు.

క్యోతోలోని చియోన్-ఇన్ గంటను టీవీలో చూశావు కదా. 1636లో పోత పోసింది, దాదాపు డెబ్బై టన్నులు. పదిహేడు మంది సన్యాసులు కలిసి మోగిస్తారు. మన వీధి గుడి గంట దాని ముందు చెంబులాంటిది. అయినా నాకు మనదే ఇష్టం, దాన్ని మన చేత్తో కొట్టనిస్తారు. రాత్రిపూట మోత భరించలేమని చుట్టుపక్కలవాళ్లు గొడవ చేస్తే కొన్ని గుళ్లలో పగలే కొట్టేస్తున్నారట. మనవైపు మైకులు వింటే ఏమంటారో!

108 ఎందుకని మొన్న ఫోన్లో అడిగావు. కళ్లు, చెవులు, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు, మొత్తం ఆరు. ఒక్కోదానికి నచ్చడం, నచ్చకపోవడం, రెండూ కాకపోవడం అని మూడు, అంటే 18. అందులో శుద్ధమైనవి, మలినమైనవి అని విడదీస్తే 36. నిన్న, నేడు, రేపు కలిపితే 108. వీటిని బొన్నో అంటారు, మన క్లేశాలే. ఇంకో రకంగా లెక్క చెప్పేవాళ్లూ ఉన్నారు. నేనిదంతా వివరిస్తుంటే నాయనమ్మ, "అష్టోత్తరమేగా, దానికింత లెక్కెందుకు" అని తులసిమాల తీసి ఒక్కో దెబ్బకీ ఒక్కో పూస తిప్పడం మొదలుపెట్టింది. మాల పూర్తయ్యాక ఇంకా మూడు మోగాయి. క్యూలో ఉన్నవాళ్లని ఉత్త చేతులతో పంపలేక గుడివాళ్లు కొట్టనిచ్చారు. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు, వాళ్లకి లెక్క రాదంటుంది.

మాది నాగార్జునకొండ వైపు అని ఆ రోజే పూజారిగారితో అన్నాను. బౌద్ధాచార్యుడు నాగార్జునుణ్ణి వీళ్లు ర్యూజు అంటారు. పూజారిగారు నాకు కాదు, నాయనమ్మకి వంగి నమస్కారం పెట్టారు.

రెండేళ్లుగా సెలవు దొరకలేదని ఆవిడతో చెబుతూ వస్తున్నాను. ఒక్క మాటా అనదు. తిట్టినా బాగుండును.

అందుకే ఈ ఏర్పాటు. మన గుడిలో 11.45కి మొదలవుతుంది, మీకు అప్పుడు రాత్రి ఎనిమిదింపావు. ఆవిడ నిద్ర చెడదు. ఎనిమిదికల్లా భోజనాలు ముగించి ఫోన్ ఛార్జింగులో పెట్టి ఉంచు. ఆవిడకి కుడిచెవి బాగా వినిపిస్తుంది, స్పీకర్ అటువైపు పెట్టు. నేను క్యూలోంచి వీడియో కాల్ చేస్తాను. మా వంతు వచ్చినప్పుడు ఫోన్ తమ్ముడు పట్టుకుంటాడు.

సోబా ప్యాకెట్లు రెండు పార్సిల్లో వేశాను. ఉడికాక చన్నీళ్లలో కడగాలి, మర్చిపోకు. చారు మాత్రం నువ్వు పెట్టకు, ఆవిడనే పెట్టమను. మాల దేవుడి గూట్లో ఎడమ పక్క డబ్బాలో ఉంటుంది. ఈసారి నూట పదో, నూట పదిహేనో వస్తే ఆవిడతో వాదించకు, నాకు చెప్పమను.

నాన్న