శనివారం షెర్రీ పీపాల విస్కీలు

అందరికీ నమస్కారం. శనివారం కలిసి రుచి చూడటానికి ఈసారి మూడే సీసాలు, మూడూ షెర్రీ (స్పెయిన్ వైన్) పోసిన పీపాల్లో ఉంచిన స్కాచ్ విస్కీలు: గ్లెన్‌డ్రోనాక్ 12 (అంకె, పీపాలో ఉన్న ఏళ్లు), గ్లెన్‌ఫార్‌క్లాస్ 15, అబెర్‌లార్ అబూనా. దయచేసి ఇదే వరసలో తాగండి. ఆల్కహాల్ మొదటిదాంట్లో 43 శాతం, రెండోదాంట్లో 46, అబూనాలో 60 దగ్గర. దాన్ని ముందే తాగితే మిగతావి చప్పగా అనిపిస్తాయి.

షెర్రీ అనగానే తీపి అనుకుంటాం కానీ ఒలొరోసో అనే రకం షెర్రీ తీపి లేని వైన్. గ్లెన్‌డ్రోనాక్‌కి ఒలొరోసోతో పాటు పెడ్రో హిమెనెజ్ అనే తీపి షెర్రీ పీపాలూ వాడతారు. ఆ వైన్‌ని ఎండబెట్టిన ద్రాక్షతో చేస్తారు. ఎండుద్రాక్ష, చాక్లెట్ రుచులు గ్లెన్‌డ్రోనాక్‌లో వెతకండి. నాకు మాత్రం గ్లెన్‌ఫార్‌క్లాసే ఇష్టం. అక్రోటు, నారింజ తొక్క, చివర్లో మసాలా ఘాటు నెమ్మదిగా వస్తాయి. 1865 నుంచి గ్రాంట్ కుటుంబం చేతిలోనే ఉన్న డిస్టిలరీ అది.

అబూనాని ముందు ఉత్తగా ఒక గుక్క, తర్వాత నాలుగైదు చుక్కల నీళ్లతో చూడండి, తేడా తెలుస్తుంది. ఎందులోనైనా అగ్గిపుల్ల వాసన తగిలితే రాసుకోండి, అది పీపా శుద్ధికి కాల్చే గంధకం వల్ల కావచ్చు. రంగుకి మార్కులు వద్దు, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

తలా 15 మి.లీ. చొప్పున పోస్తాను. భోజనం చేసి రండి, బండి మాత్రం తేవద్దు.