వ్యవసాయ విస్తరణ విద్యలో దూరవిద్య పీజీకి హైదరాబాద్ చొరవ చూపాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మండలాల్లో పనిచేస్తున్న వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) గానీ, ఇంటర్మీడియెట్ వొకేషనల్ కళాశాలల్లో క్రాప్ ప్రొడక్షన్ బోధించే అధ్యాపకులు గానీ తమ వృత్తికి నేరుగా ఉపయోగపడే ఎమ్మెస్సీ చదవాలనుకుంటే, ఉద్యోగానికి సెలవు పెట్టి రెండేళ్లు క్యాంపస్‌లో ఉండడం తప్ప వారికి ఈ రోజు మరో దారి లేదు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చాలాకాలం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఏఈఓలుగా ఉన్నవారి నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒక్కటే: “సార్, ఉద్యోగం చేసుకుంటూ పీజీ చేసే మార్గం ఏదైనా ఉందా?” ముఖ్యంగా చిన్న పిల్లలున్న మహిళా ఉద్యోగులు ఈ మాట అడిగినప్పుడు సరైన సమాధానం ఇవ్వలేకపోవడం నన్ను బాధిస్తోంది. ఆ సమాధానం హైదరాబాద్‌లోనే తయారు కాగలదన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నిర్వహించకూడని కోర్సుల జాబితాలో యూజీసీ ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్ వంటి వాటితో పాటు వ్యవసాయాన్ని, ఉద్యాన విద్యను కూడా చేర్చింది. ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచనను నేను తప్పు పట్టడం లేదు. మొక్కల ప్రజననమో, మృత్తికా శాస్త్రమో, తెగుళ్ల శాస్త్రమో ప్రయోగశాల లేకుండా, పరిశోధన క్షేత్రంలో నిలబడకుండా అబ్బే విద్యలు కావు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) నిర్దేశించిన ఎమ్మెస్సీలో 70 క్రెడిట్లు ఉంటే అందులో 30 కేవలం పరిశోధన వ్యాసానికే కేటాయించారంటే, చేతి పనికి ఆ చదువులో ఎంత బరువుందో అర్థమవుతుంది. అయితే వ్యవసాయ విస్తరణ విద్యను కూడా అదే గాటన కట్టడం న్యాయం కాదు. రైతుకు ఎలా చెప్పాలి, రైతు ఎలా నేర్చుకుంటాడు, కొత్త పద్ధతి ఒక ఊళ్లో ఎలా పాకుతుంది అన్నవే ఈ శాస్త్రం పట్టించుకునే విషయాలు. దీని ప్రయోగశాల ఊరే. రెండేళ్లు క్యాంపస్‌కు రమ్మని పిలిచినప్పుడు, ఈ విద్యార్థిని మనం అతని ప్రయోగశాల నుంచి బయటకు లాగుతున్నాం.

పత్తిలో గులాబీ రంగు పురుగు సంగతే తీసుకుందాం. చేలో లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టి, ఒక్కో బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే నివారణ చర్యలు మొదలుపెట్టాలన్నది శాస్త్రవేత్తల సిఫారసు. ఈ ఒక్క వాక్యాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఏ ఏఈఓకైనా నిమిషం పని. కానీ రైతుతో పాటు చేలోకి దిగి, రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలను ఏరి చూపించడం, పైకి నిగనిగలాడుతున్న పచ్చికాయను చీల్చి లోపల గింజ పక్కన దాగిన పురుగును రైతు అరచేతిలోనే పెట్టడం, ఆ తర్వాత అదే పనిని పది మంది రైతుల చేత వారి వారి చేలల్లో చేయించడం వేరే విద్య. ముందు రైతుకు తెలిసింది రైతు నోటనే చెప్పించాలి, తర్వాత చూపించాలి, ఆపైన చేయించాలి, వారం గడిచాక మళ్లీ వెళ్లి ఏం జరిగిందో చూడాలి. ఈ క్రమం కొందరికి స్వభావసిద్ధంగా వస్తుంది, ఎక్కువ మందికి నేర్పితేనే వస్తుంది. నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్‌లో, రెండేళ్ల డిప్లొమాలో దీనికి దక్కే చోటు స్వల్పం.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా వ్యాపించిందో 259 మంది రైతులను అడిగి తెలుసుకున్న రయాన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో ప్రచురించిన ఫలితాలను విస్తరణ విద్యార్థులు నేటికీ చదువుతారు. కొత్త విత్తనం గురించి రైతులు మొదట విన్నది ఎక్కువగా విత్తనాలు అమ్మేవారి దగ్గర. వేయాలని మనసు కుదిరింది మాత్రం ఎక్కువగా ఇరుగుపొరుగు రైతుల మాట మీద. జహీరాబాద్‌లోనో, తాండూరులోనో ఎరువుల దుకాణం ముందు కాసేపు నిలబడితే ఈ నిజం మనకూ కనిపిస్తుంది. అందుకే కాబోలు, డీలర్లకే వ్యవసాయ పాఠాలు నేర్పాలని, విస్తరణ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ మేనేజ్ 2003లో ‘దేశీ’ అనే పేరుతో ఒక డిప్లొమాను ప్రారంభించింది. దుకాణం మూసి ఉండే రోజుల్లో తరగతులు పెట్టి, ఏడాది పాటు సాగే ఆ కోర్సును డీలర్లు తమ వ్యాపారం మానుకోకుండానే పూర్తి చేస్తున్నారు. విత్తనాలు, మందులు అమ్మేవారికి కల్పించిన ఈ వెసులుబాటు, వాటిని ఎప్పుడు, ఎంత వాడాలో రైతుకు చెప్పాల్సిన ప్రభుత్వ ఉద్యోగికి పీజీ స్థాయిలో ఎందుకు ఉండకూడదు?

ఇందుకు కావలసిన సరంజామా అంతా ఈ నగరంలోనే ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది మన గడ్డ మీదే. నేటి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. మరోవైపు రాజేంద్రనగర్‌లో ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1976 నుంచి పనిచేస్తున్న నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ), 1987లో ఏర్పడిన మేనేజ్ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. విస్తరణ అధికారుల కోసం మేనేజ్ 2007 నుంచి ఏడాది పీజీ డిప్లొమాను దూరవిద్యలోనే నడుపుతోంది. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌తో కలిసి వ్యవసాయంలో టెక్నాలజీ మేనేజ్‌మెంట్ డిప్లొమాను దూరవిద్యలో అందించిన అనుభవం నార్మ్‌కు ఉంది. అంటే డిప్లొమా వరకు దూరవిద్య పనికొస్తుందని మనమే నిరూపించాం, డిగ్రీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. ఇగ్నోలో విస్తరణ, అభివృద్ధి అధ్యయనాల్లో ఎంఏ ఉంది. అది మంచి కోర్సే, కానీ వ్యవసాయ ఎమ్మెస్సీ అడిగే ఉద్యోగాలకు అది ప్రత్యామ్నాయం కాదు.

బయటి అనుభవమూ ఉంది. అమెరికాలో 1862 నాటి చట్టంతో ఏర్పడిన ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలు, 1914 చట్టంతో ఊరూరా విస్తరించిన సలహా సేవలు, 1917 చట్టంతో బడుల్లోకి వచ్చిన వ్యవసాయ బోధన కలిసి అగ్రికల్చరల్ ఎడ్యుకేషన్‌ను ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టాయి. అక్కడ అయోవా స్టేట్, టెక్సాస్ టెక్ వంటి విశ్వవిద్యాలయాలు ఈ సబ్జెక్టులో మాస్టర్స్ డిగ్రీని దూరవిద్యలో అందిస్తున్నాయి. బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు, కౌంటీలో రైతులకు సలహాలిచ్చే ఉద్యోగి తమ ఊరు వదలకుండానే పీజీ పూర్తి చేయగలుగుతున్నారు. వారి పరిస్థితులు వేరు, మనవి వేరు అన్నమాట నిజమే. అయినా పనిలో ఉన్నవాడికి పని దగ్గరే చదువు చెప్పాలన్న సూత్రం మనకూ వర్తిస్తుంది.

దూరవిద్య అంటే పుస్తకాలు పోస్టులో పంపి, చివర్లో పరీక్ష పెట్టి పట్టా చేతిలో పెట్టడమని చాలామంది అనుకుంటారు. నేను కోరుతున్నది అది కాదు. వానాకాలం, యాసంగి పనులు ఊపిరి సలపనివ్వవు గనుక సంప్రదింపు తరగతులను ఏప్రిల్, మే నెలల్లో రాజేంద్రనగర్‌లో తప్పనిసరి హాజరుతో పెట్టాలి. మిగతా సమయంలో ఆయా జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు విద్యార్థి పనిని అతని క్లస్టర్‌కే (అతనికి అప్పగించిన ఊళ్లకే) వచ్చి చూసి మార్కులు వేయాలి. పరిశోధన వ్యాసానికి అంశం కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. సుమారు 5,000 ఎకరాల క్లస్టర్ ఒక్కో ఏఈఓ చేతిలో ఉంది. తన క్లస్టర్‌లో వరి వెదజల్లే పద్ధతిని కొందరు రైతులు ఎందుకు చేపట్టారు, మరికొందరు ఒక్క సీజన్ చేసి ఎందుకు వదిలేశారు అన్నదాన్ని ఓపిగ్గా నమోదు చేస్తే, అది విశ్వవిద్యాలయానికి కూడా కొత్త విషయమే అవుతుంది. 2024 నుంచి రైతు వేదికల్లో మంగళవారాల్లో జరుగుతున్న రైతు నేస్తం కార్యక్రమంలో తెర మీద శాస్త్రవేత్త మాట్లాడుతుంటే, ఇవతల రైతులను ప్రశ్నలు అడిగించి చర్చ నడపాల్సింది ఏఈఓయే. పంటల నమోదు, రైతు బీమా కాగితాల మధ్య నలిగిపోయే ఆ ఉద్యోగికి ఈ చదువు తన అసలు వృత్తిని గుర్తు చేస్తుందని నా ఆశ.

ఈ లోటు వల్ల జరుగుతున్న నష్టాన్ని కూడా చెప్పాలి. నా పూర్వ విద్యార్థి ఒకరు, నగరంలోని ఒక స్టడీ సెంటర్ మాటలు నమ్మి, వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరుతో దూరవిద్యలో ‘ఎమ్మెస్సీ అగ్రికల్చర్’ పూర్తి చేశారు. ఫీజు వాయిదాల్లో కట్టారు, పరీక్షలు రాశారు, పట్టా అందుకున్నారు. తీరా ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనకు వెళితే ఆ పట్టా చెల్లదన్నారు. చేరబోయే ముందు ఆ విశ్వవిద్యాలయానికి ఆ కోర్సు నడిపే అనుమతి ఆ విద్యా సంవత్సరానికి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో చూడాలని, వ్యవసాయ డిగ్రీ అయితే ఐకార్ గుర్తింపు గురించీ విచారించాలని యువతకు నా విన్నపం. గుర్తింపు ఉన్న సంస్థలు అనుమతితో ఇచ్చే దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అసలు అనుమతే లేని కోర్సుకు ఆ మాట వర్తించదు. నిజమైన తలుపు మూసి ఉన్నంతకాలం ఇటువంటి దొడ్డిదారులు తెరుచుకుంటూనే ఉంటాయి.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి, విస్తరణ విద్యను ప్రయోగశాల ప్రధానమైన వ్యవసాయ కోర్సుల నుంచి వేరు చేసి దూరవిద్యకు అనుమతించాలని యూజీసీని, ఐకార్‌ను లిఖితపూర్వకంగా కోరాలి. మేనేజ్ డిప్లొమా పూర్తి చేసినవారి క్రెడిట్లను విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను దాచి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ద్వారా ఈ పీజీలో కలుపుకునే వీలు కల్పించాలి. పాఠ్యప్రణాళిక రాయడానికి వేసే కమిటీలో ఆచార్యులతో పాటు క్లస్టర్‌లో పనిచేస్తున్న ఏఈఓలకు, వొకేషనల్ కళాశాలల అధ్యాపకులకు చోటు ఇవ్వాలి. పాఠాలు తెలుగులోనూ ఉండాలి, ఎందుకంటే వీరు రైతుతో మాట్లాడేది తెలుగులోనే.

ఇట్లు,
విశ్రాంత వ్యవసాయ పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
రాజేంద్రనగర్, హైదరాబాద్.